చెట్టు కొట్టడానికి ఆరు వేలు, దించడానికి ఇరవై వేలు

పెరట్లో నలభై అడుగుల వేపచెట్టు. ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య ఎనిమిదడుగుల సందు. తీయించేద్దామని ముగ్గురిని పిలిపిస్తే ఒకాయన 6,000 అంటాడు, ఇంకొకాయన 20,000 అంటాడు. మూడో ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదలు మీద అరచేత్తో కొట్టి చూసి, "కట్టె మాకిచ్చేయండి సార్, పైసా వద్దు" అంటాడు. హైదరాబాదైనా విజయవాడైనా ఇంటివాళ్లు తికమకపడేది ఇక్కడే. ఇరవై వేలవాడు దోచుకుంటున్నాడని, ఆరు వేలవాడు న్యాయంగా చెప్పాడని, ఊరికే చేస్తానన్నవాడు దేవుడు పంపినట్టు వచ్చాడని అనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆ ముగ్గురూ చెప్పింది మూడు వేరువేరు పనులకు ధర. తక్కువ ధరలో కలపని పని ఎటూ పోదు, ఆఖరికి ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. ఇలా పడ్డ పనికి అయ్యే ఖర్చు చాలాసార్లు ఆ ఇరవై వేలను దాటిపోతుంది.

చెట్టు కొట్టడం నిజానికి చవకైన పనే. ఇదే వేపచెట్టు పొలం గట్టు మీద ఉంటే మొదట్లో ఒక పక్క గాటు పెట్టి, రెండో పక్క నుంచి కోసుకొచ్చి, తాడేసి లాగితే అరపూటలో నేల మీద ఉంటుంది. రంపం మిషన్‌తో ఒక మనిషి, ముగ్గురు కూలీలు చాలు. లెక్క కోసం మిషన్, ఆపరేటరు, పెట్రోలు కలిపి 2,500, కూలీకి 900 అనుకుందాం; మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. మొత్తం 5,200. ఆరు వేలాయన చెప్పింది ఈ పని ధర. కానీ చెట్టు పడేటప్పుడు, కోసేవాడు తప్ప మిగతావాళ్లంతా దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలన్నది అడవి పనివాళ్లు పాటించే నియమం. నలభై అడుగుల చెట్టుకు అది 80 అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటును మూల నుంచి మూలకు కొలిచినా 67 అడుగులే వస్తుంది. అందులోనే ఇల్లు, నీళ్ల ట్యాంకు, పక్కింటివాళ్ల కారు.

బరువు సంగతి కూడా టేపు పట్టుకుని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 5 అడుగులున్న కాండాన్ని అడ్డంగా కోస్తే కోత ముఖం దాదాపు 2 చదరపు అడుగులు. అంటే ప్రతి అడుగు పొడవుకూ 2 ఘనపుటడుగుల కర్ర. పచ్చి కర్ర ఘనపు మీటరు ఒక్కింటికి సుమారు 900 నుంచి 1,000 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ అడుగు ముక్క 50 కిలోలు దాటుతుంది. మూడడుగుల మొద్దు 150 కిలోల పైమాటే. 20 అడుగుల ఎత్తు నుంచి అది జారిందంటే నేల తాకేసరికి గంటకు 39 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. కింద సిమెంటు రేకులున్నా, షాబాద్ బండలున్నా మిగలవు. చుట్టుకొలత రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. "వాళ్ల చెట్టు మన చెట్టుకు రెండింతలుంది, మరి పది వేలేగా తీసుకున్నారు" అనే బేరం అందుకే నిలవదు. వాళ్ల చెట్టు ఖాళీ జాగాలో ఉండి ఉంటుంది.

సందులోని చెట్టును పైనుంచి కిందికి ఊడదీసుకుంటూ రావాలి. ఎక్కినవాడు ముందు చిటారు కొమ్మలు కోస్తాడు, తర్వాత పెద్ద మండలు, చివరికి కాండాన్ని ముక్కలుగా. ప్రతి పెద్ద కొమ్మకూ తాడు కట్టి, ఆ తాడును దానికంటే పైనున్న గట్టి పంగలోంచి కిందికి తెచ్చి, రెండో కొసను మొదలుకు రెండు మూడు చుట్లు చుట్టి ఒకడు పట్టుకుంటాడు. కోత తెగగానే బరువంతా తాడు మీదికి వస్తుంది. మోసేది ఆ చుట్ల రాపిడే. కింద మనిషి కొంచెం కొంచెం వదులుతూ కొమ్మను దించుతాడు. చుట్లు వేయకుండా "నలుగురం పట్టుకుంటాం లెండి" అన్నారంటే పని అక్కడే ఆపించండి. తాడు సడలుగా ఉంటే ఇంకో ప్రమాదం. కొమ్మ ఓ మీటరు జారి టక్కున ఆగితే ఆ కుదుపులో తాడు మీద పడే బలం కొమ్మ బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. లారీ లోడుకు వాడి వాడి ఎండకు మగ్గిపోయిన నైలాన్ తాళ్లు తెగేది సరిగ్గా అప్పుడే. ధర అడగడానికి ముందు తాడు చూపించమనండి. చేత్తో వంచితే పెళుసుగా చిట్లుతుందా, పోగులు లేచి ఉన్నాయా అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ పనికి లెక్క కడదాం. మొదటి రోజు ఎక్కేవాడికి 2,000, మిషన్‌కు 2,500, కింద నలుగురికి 3,600, కలిపి 8,100. రెండో రోజు అరపూట మిషన్ 1,250, మొద్దులు కోసి బయటికి మోయడానికి ఇద్దరికి 1,800, కలిపి 3,050. ట్రాలీ ఆటో మూడు ట్రిప్పులు, 1,800 చొప్పున 5,400. తాళ్లు, చెయిన్ అరుగుదల, మనుషుల రానుపోను కింద 1,000. ఇప్పటికి 17,550. పని మీద నిలబడే మేస్త్రీకి 3,000 వేస్తే 20,550. ఇందులో మోడు తీయడం లేదు, గుంత పూడ్చడం లేదు, బండలు వేయడం లేదు. ఇరవై వేలన్నాయన దోచుకునేదేమీ లేదని ఈ లెక్కే చెబుతోంది.

బేరానికి నిజంగా చోటున్నది రవాణా దగ్గర. ఆకుతో ఉన్న కొమ్మలకు బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. ముక్కలు చేసి తొక్కి నింపకపోతే మూడు ట్రిప్పులు ఆరవుతాయి. చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోవాళ్లు కొమ్మలు ఎక్కించుకోరు, రోడ్డు పక్కన పడేస్తే మున్సిపాలిటీ ఊరుకోదు. పెరట్లో చోటుంటే ఓ వారం ఎండనివ్వండి. ఆకు రాలిపోతుంది, దాన్ని పాదుల్లో పరుచుకోవచ్చు, మిగిలిన పుల్ల సగం చోటులో సరిపోతుంది. వీధి వెడల్పుగా ఉండి చెట్టు ముందువైపే ఉంటే హైడ్రా క్రేన్ పిలిపించడం కొన్నిసార్లు కూలీల కంటే చవక. గంటకింత అని తీసుకుంటారు, కనీసం ఇన్ని గంటలని ముందే చెబుతారు. అయితే కొమ్మలన్నీ తీసి కాండం సిద్ధంగా పెట్టుకున్నాకే పిలవాలి. లేకపోతే ఎక్కినవాడు పైన కొమ్మలు కొడుతుంటే క్రేన్ కింద నిలబడి మీటరు తిప్పుతుంటుంది.

కొబ్బరి చెట్టు తీరు వేరు. కొమ్మ లేదు, పంగ లేదు, తాడు వేయడానికి పైన పట్టే లేదు. ముందు గెలలు, మట్టలు, మొవ్వు దించి, తర్వాత కాండాన్ని మూడు నాలుగడుగుల ముక్కలుగా కోసుకుంటూ రావాలి. బయటి పెంకు గట్టిది, రంపం పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది. చెయిన్‌కు మధ్యలో ఒకసారి ఆకురాయి పట్టక తప్పదు. కాయలు దింపేవాడిని ఈ పనికి పెట్టడం తప్పు. కోనసీమలో దింపు కార్మికులు చెట్టెక్కడంలో ఎంతటి మొనగాళ్లయినా, పైన నిలబడి రంపం నడుపుతూ తాను నిలబడ్డ కాండాన్నే కోయడం వాళ్ల పని కాదు. ఒక్క మంచి సంగతి ఏంటంటే కొబ్బరి మోడు మళ్లీ చిగురించదు, తల్లివేరు ఉండదు, వేళ్లు పెన్సిలు లావు మించవు. గడ్డపారతో చుట్టూ తవ్వితే కూలీ ఒక్కరోజులో పెకలించేస్తాడు.

కరెంటు తీగల విషయంలో ఎవరు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకూడదు. "పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఫ్యూజులు పీకేస్తాం" అనే మేస్త్రీలుంటారు. పద్ధతి అది కాదు. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు దరఖాస్తు ఇస్తే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) సిబ్బంది ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటారు. లైను ఆపాక దాన్ని ఎర్త్ చేస్తారు. ఎర్త్ చేయడం ఎందుకంటే, ఆపిన లైనులోకి కూడా ఏదో ఒక ఇంటి జనరేటరు నుంచి, సరిగా బిగించని ఇన్వర్టరు నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. ఫ్యూజు పీకినంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. స్తంభం నుంచి మీ ఇంటికొచ్చే సర్వీసు వైరు ఒక్కటే అడ్డమైతే లైన్‌మన్ దాన్ని విప్పి, పని అయ్యాక కట్టి వెళ్తాడు. వానాకాలం ముందు లైన్ల మీదికొచ్చిన కొమ్మలను డిస్కంవాళ్లే కొట్టేస్తుంటారు. మీ ఇబ్బందంతా ఆ కొమ్మలే అయితే, 1912కి ఫోన్ చేస్తే సరిపోయేదానికి చెట్టంతా తీయించక్కర్లేదు. కొట్టిన కొమ్మలను మాత్రం కిందే వదిలి వెళ్తారు.

ఇక ఊరికే చేస్తానన్న మూడో ఆయన. వేప, మామిడి, చింత, పనస, నేరేడు లాంటివాటి కలపకు ధర ఉంటుంది. తురాయి, బాదం, మునగ, నరమామిడికి చెప్పుకోదగ్గ ధర రాదు, కాబట్టి వాటికి ఈ బేరం ఎవరూ పెట్టరు. ఆయన చూసేది నేల నుంచి మొదటి పంగ దాకా తిన్నగా ఉన్న కాండం. ఆ 10 అడుగుల మొద్దును మన దగ్గర చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి, పొడవుతో గుణించి కొలుస్తారు. 5 అడుగుల చుట్టుకొలతకు అది 15.6 ఘనపుటడుగులు, వ్యాపారుల మాటలో సీఎఫ్‌టీ. అసలు కర్ర 19.9. అంటే కొలతలోనే ఐదో వంతుకు పైగా తరుగుపోతుంది. ఇది ఒకరి మోసమేమీ కాదు, బెరడు, చెక్కుడు పోతాయని కలప వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. కానీ ఇంటివాళ్లకు ఇది తెలియదు.

ఇంటి చెట్టుకు కోతమిల్లులో సరైన రేటు రాకపోవడానికి ఇంకో కారణం మేకులు. బట్టల తీగ కట్టడానికి, బల్బు వేలాడదీయడానికి, ఎప్పుడో ఎవరో ఫ్లెక్సీ బిగించడానికి కొట్టిన మేకును చెట్టు ఏటా కొంత మింగుతూ పోతుంది. పదేళ్లకు పైన ఏమీ కనిపించదు. మిల్లులో బ్యాండు రంపం బ్లేడు ఆ మేకుకు తగిలితే పళ్లు ఎగిరిపోతాయి, ఒక్కోసారి బ్లేడే తెగుతుంది. కోసిన ముఖం మీద నల్లగా, నీలంగా సిరా ఒలికినట్టు చార కనిపించిందంటే దగ్గర్లో ఇనుము ఉన్నట్టే. అందుకే ఇంటి చెట్టంటే మిల్లువాళ్లు పెదవి విరుస్తారు, ఎక్కువ భాగం వంటచెరకు ధరకే పోతుంది.

ఆ లెక్కన మంచి వేప కాండంతో ఆయనకు పెట్టుబడి కాస్తో కూస్తో తిరిగొస్తుంది. అందుకే కాండం ట్రాక్టరెక్కాక ఆయనకు మీ పెరట్లో పనేం ఉండదు. కొమ్మలు, ఆకు, రంపపు పొట్టు, నేల నుంచి అడుగున్నర ఎత్తు మోడు అక్కడే ఉంటాయి. కట్టెకు బదులు పని అనే బేరాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. కానీ కట్టె ధర ఇంత, పని ధర ఇంత అని విడివిడిగా చెప్పించి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలి. రెండూ కలిపి చుట్టేసిన బేరంలో ఓడేది ఎప్పుడూ ఇంటివాళ్లే.

ఊరికే కొట్టేవాడు ఇంకో మాట కూడా అంటాడు: "పర్మిషన్ సంగతి మేం చూసుకుంటాం". చూసుకోవడమంటే ఆదివారం పొద్దున్నే వచ్చి కొట్టేయడం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు నరకాలంటే అనుమతి ఉండాలి. స్థలం మీదే, చెట్టు మీరు నాటిందే అయినా సరే. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి పంట చెట్లకు నిబంధనలు వేరు. అటవీ శాఖకు దరఖాస్తు పెట్టి, స్థలం కాగితాలు, చెట్టు ఫోటోలు, జాతి, చుట్టుకొలత, ఎందుకు తీయాలన్న కారణం ఇవ్వాలి. సిబ్బంది వచ్చి చూస్తారు, రుసుము కట్టించుకుంటారు, బదులు మొక్కలు నాటాలని షరతు పెడతారు. టేకు, గంధం, ఎర్రచందనం అయితే కలప కదిలించడానికీ వేరే అనుమతి కావాలి, అది లేకుండా పెరట్లోంచి దుంగ బయటికి తీయించకండి. దరఖాస్తుదారు ఇంటి యజమాని. పట్టుబడితే కేసు ఆయన మీదికే వస్తుంది, కొట్టినవాడి ఫోన్ అప్పటికే స్విచాఫ్. ప్రహరీ బయట రోడ్డు వైపున్న చెట్టు మున్సిపాలిటీది. నీడ మీ గేటు మీద పడినా మీరు ముట్టుకోవడానికి లేదు. హైదరాబాదులో అలాంటిదానికి మున్సిపల్ కార్పొరేషన్ జీవవైవిధ్య విభాగాన్ని అడగాలి.

(బదులు మొక్క నాటేటప్పుడు త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ జోలికి వెళ్లకండి. రోడ్ల వెంట బారులుగా నాటాక తెలంగాణ ప్రభుత్వమే ఇక వద్దని చెప్పింది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో నాటిన ఏడాకులపాల పూల ఘాటు ఎలా ఉంటుందో చలికాలం మొదట్లో అక్కడివాళ్లనడిగితే చెబుతారు.)

అన్నిటికంటే ఎక్కువగా దాగి ఉండే ఖర్చు మోడుది. ధర చెప్పేటప్పుడు "మొదటికి కోసేస్తాం" అంటారు. ఆ మాటకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. నేలమట్టమా, అడుగు పైనా, అడుగు కిందా అన్నది అంగుళాల్లో చెప్పించుకోవాలి. రంపం చెయిన్ మట్టికి తగిలితే క్షణాల్లో మొద్దుబారుతుంది కాబట్టి చుట్టూ తవ్వకుండా నేలమట్టానికి ఎవరూ కోయరు. అడగకపోతే అడుగున్నర దగ్గరే ఆపేస్తారు. వేప, చింత, కానుగ, రావి, సుబాబుల్, కోనోకార్పస్ మోడును వదిలేస్తే ఒక్క వాన పడితే చాలు, చుట్టూ పిలకలు. అవి రెండేళ్లు పెరిగాక మోడు అంచునే వేలాడే బలహీనమైన కాండాలవుతాయి, మళ్లీ ఇదే కథ.

జేసీబీ పిలిచి పీకించేస్తే గంటలో తేలుతుంది, నిజమే. కానీ ప్రహరీకి మూడడుగుల దూరంలో ఉన్న మోడును జేసీబీతో లాగిస్తే, గోడ పునాది కిందికి దూరిన వేరు గోడనూ లేపుకుని వస్తుంది. సెప్టిక్ ట్యాంకు, బోరు కేబులు, డ్రైనేజీ పైపు ఎటు పోయాయో నేల మీద ముగ్గు పిండితో గీసి చూపించకుండా బకెట్ దించనివ్వొద్దు. గోడ పక్కనైతే మనుషులతో తవ్వించి, వేళ్లను ఒక్కొక్కటిగా కోయించి, దుంపను విడిగా తీయించడమే దారి. ఐదడుగుల చుట్టుకొలత వేప మోడుకు ఇద్దరు మనుషులకు రెండు రోజులు పని. గుంతను ఒక్కసారే నింపకుండా అడుగు అడుగుకూ తడిపి దిమ్మిస వేయాలి, లేకపోతే మొదటి వానాకాలానికే పైన వేసిన బండలు కుంగుతాయి.

గుంటూరు, ఆదిలాబాద్ లాంటి నల్లరేగడి నేలల్లో ఇంకో చిక్కుంది. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి నేలలోని తేమను తాగి పునాది పక్క మట్టిని ఎండబెట్టి ఉంచుతుంది. చెట్టు పోయాక ఆ మట్టి మళ్లీ నీళ్లు పట్టి ఉబ్బుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక గోడలో ఏటవాలు పగులు కనిపిస్తే, చెట్టు వేళ్లు ఇల్లు పగలగొడతాయని భయపడి కొట్టించినవాళ్లకు కారణం కూడా తోచదు. అలాంటి నేలలో పాత చెట్టు గోడకు మరీ దగ్గరగా ఉంటే తీసే ముందు సివిల్ ఇంజినీరును ఒకసారి పిలవండి.

మోడును చంపడానికి మన ఇళ్లలో వైద్యాలు చాలా ఉన్నాయి. రంధ్రం చేసి ఇంగువ పెట్టమంటారు, ఉప్పు దట్టించమంటారు, యాసిడ్ పొయ్యమంటారు. ఇంగువ దండగ. ఉప్పు చెట్టుకంటే ముందు మట్టిని చంపుతుంది, పునాదిలోని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. గ్లైఫోసేట్ మందు ఎవరైనా కొని పూసేయడానికి లేదు. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. ఖర్చు లేని దారి ఓపిక. వచ్చిన పిలకను జానెడు దాటకముందే విరిచేస్తుంటే వేళ్లలో దాచుకున్న తిండి అయిపోయి మోడు తానే చస్తుంది. మోడు మీద మందపాటి నల్ల పట్టా కప్పి అంచులకు మట్టి వేస్తే ఇంకా త్వరగా.

అనుమతి రాదేమోనని బతికున్న చెట్టుకే మొదట్లో చుట్టూ బెరడు ఒలిచి ఎండగట్టేవాళ్లున్నారు. తప్పు సంగతి అలా ఉంచి, డబ్బు పరంగానూ ఇది తెలివితక్కువ పని. ఎండిన కర్ర పెళుసు. ఏ కొమ్మ మనిషిని ఆపుతుందో, ఏది పెళుక్కున విరుగుతుందో చెప్పలేం. అనుభవమున్నవాడు దాన్ని ఎక్కడు, క్రేన్ తెమ్మంటాడు. పచ్చిగా ఉన్నప్పుడు ఇరవై వేలయ్యే చెట్టు ఎండాక అంతకు మించుతుంది.

ఒరిగి ఉన్న చెట్టును చవకగా కొట్టేవాడు చేసే పొరపాటు ఒకటుంది, అది చూసి తెలుసుకోవాల్సిందే. ఒరిగిన వైపు చిన్న గాటు పెట్టి, వెనక నుంచి కోత మొదలుపెడతాడు. కోత సగం కూడా దాటకముందే చెట్టు కదులుతుంది. ఇంకా తెగని పీచు అంత బరువును ఆపలేక కాండం కోత దగ్గర నుంచి నిలువునా పైకి చీలి, చీలిన వెనక భాగం మనిషి ఎత్తున తన్నుకొస్తుంది. కోసేవాడి ముఖం అక్కడే ఉంటుంది. తెలిసినవాడు గాటును కాండం మందంలో నాలుగో వంతు దాకా తీసుకెళ్తాడు, వెనక కోతను గాటు మొన కంటే కొంచెం పైన పెడతాడు, రెంటికీ మధ్య మందంలో పదో వంతు పట్టీ వదులుతాడు. ఆ పట్టీయే బిజాగరీలా పనిచేసి చెట్టును అనుకున్న వైపు వాలుస్తుంది. పెద్ద కొమ్మకైతే ముందు అడుగు వైపు మూడో వంతు, తర్వాత కాస్త ఎడంగా పైనుంచి, ఆఖరున మిగిలిన మొండిని కాండం దగ్గర ఉబ్బుకు బయటగా కోస్తాడు. అడుగు కోత లేకపోతే కొమ్మ విరుగుతూ కాండం బెరడును మీటరు పొడవున చీల్చుకుపోతుంది.

పైకి ఎక్కినవాడి నడుముకు మోకు ఒక్కటే ఉందా అని చూడండి. గొడ్డలితో కొట్టిన రోజుల్లో అది చాలేది. రంపం మిషన్ మోకును ఒక్క క్షణంలో కోసేస్తుంది, కాబట్టి రెండో తాడు వేరే పంగకు కట్టి ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై నుంచి గీత కార్మికులకు కాటమయ్య పేరుతో భద్రతా కిట్లు ఇస్తోంది. తాడెక్కేవాళ్లకే అంత అవసరమైనప్పుడు, చేతిలో తిరిగే రంపంతో ఎక్కేవాడికి ఇంకెంత కావాలి? ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఆ మనిషికి ఉందో లేదో అడగడం అనుచితమేమీ కాదు. ఆ 20 రూపాయలు కూడా లేని ముఠాకు 14,000 మిగులుతుందని పని అప్పగించే ఇంటివాళ్లు, అతను పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో ముందే ఆలోచించుకోవాలి. మీ ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఉంటే చెట్టు విరిగి ఇంటి మీద పడ్డ నష్టానికి అందులో రక్షణ ఉంది. శిథిలాలు తొలగించడానికి క్లెయిములో 2 శాతం దాకా ఇస్తారు. కారుకు థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే, దాని మీద కొమ్మ పడితే ఏమీ రాదు.

ఇంతకీ ఆ వేపను తీయాల్సిందేనా? 2021 తర్వాత తెలంగాణలో, ఆంధ్రలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ కనిపించినప్పుడు చచ్చాయనుకుని కొట్టించినవాళ్లున్నారు. అది ఫోమోప్సిస్ అనే బూజు తెగులు, తేయాకు దోమ కాటు దానికి తోడు. ఎక్కువ చెట్లు కొత్త చిగురుతో తేరుకున్నాయి. గోటితో లేత కొమ్మ బెరడు గీరితే లోపల పచ్చగా తడిగా ఉందంటే చెట్టు బతికే ఉంది. బెరడు మీద చెదల మట్టి కనిపించగానే కంగారుపడక్కర్లేదు, చాలాసార్లు అవి తినేది చచ్చిన పైబెరడునే. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మొదట్లో గట్టిగా పెంకులా పెరిగే పుట్టగొడుగులు, చెట్టు ఒరిగినదానికి ఎదురు వైపు నేలలో కొత్తగా విచ్చిన పగులు, పెద్ద పంగ మధ్య నిలువు చీలిక. ఈ మూడింట్లో ఏదున్నా ఆలస్యం చేయొద్దు. ఏదీ లేకుండా ఇంటి మీదికొచ్చిన కొమ్మ ఒక్కటే బాధైతే ఆ కొమ్మ తీయిస్తే చాలు, ఖర్చు ఐదో వంతు కూడా కాదు. పచ్చని తలలో నాలుగో వంతు కంటే ఎక్కువ ఒకే ఏడాది తీయించకండి. తలంతా మొండిగా నరికిస్తే పైపైన అతికినట్టుండే కొమ్మలు గుబురుగా వస్తాయి, నాలుగేళ్లలో అవే గాలికి విరిగిపడతాయి.

తీయాల్సిందేనని తేలితే జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. వేప ఆకు రాల్చే రోజులు దగ్గరపడతాయి, బరువు తగ్గుతుంది, మనుషులు దొరుకుతారు. ఏప్రిల్, మేలో ఒక్క గాలిదుమారం వచ్చిందంటే ఊళ్లో ముఠాలన్నీ పడిపోయిన చెట్ల మీదే ఉంటాయి, రేటు వాళ్లు చెప్పిందే. పైన గూళ్లు, తేనెతుట్టెలు ఉన్నాయేమో ముందు రోజు సాయంత్రమే చూసుకోవాలి. మిషన్ శబ్దానికి పెద్ద తేనెటీగలు లేచాయంటే ఎక్కినవాడు దిగలేడు. రావి, జమ్మి, మేడి, కొన్నిచోట్ల వేప అయినా సరే, మొదటి దెబ్బ తాము వేయబోమంటారు కొందరు కూలీలు. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాక పని మొదలవుతుంది. ఆ ఖర్చుకు ఎవరూ బేరమాడరు.

ధర ఒప్పుకునే ముందు ఒక తెల్ల కాగితం మీద ఇవన్నీ రాయించుకోండి: ఎన్ని ట్రిప్పుల కొమ్మలు ఎవరు తీసుకెళ్తారు, మోడు నేలకు ఎన్ని అంగుళాల్లో కోస్తారు, దుంప తీస్తారా, కట్టె ఎవరిది, దాని విలువ ఎంత తీసేశారు, పక్కింటి గోడో కారో దెబ్బతింటే ఎవరు కడతారు, ఎల్‌సీ ఏ రోజుకు. పని మొదలయ్యే ముందు పక్కింటి గోడనూ రేకులనూ తేదీ కనబడేలా ఫోటో తీసి, వాళ్లకూ ఒకటి పంపండి. పాత పగుళ్లు కొత్తవి కాకుండా ఉంటాయి. అడ్వాన్సు మూడో వంతు మించొద్దు. కాండం నేలకు చేరిన రోజు ఇంకో మూడో వంతు, ఆఖరి మూడో వంతు ఆఖరి ట్రాలీ గేటు దాటి, లైన్‌మన్ సర్వీసు వైరు కట్టి, ఇంట్లో ఫ్యాను తిరిగాక.